సూచీచిత్రములు – ఔచిత్యవిచారము

భాగ్యనగరమునకుఁ దూర్పున నున్న దిల్‌సుఖ్‌నగరపు వస్త్రవిపణిలో 'మగ్గము' అను మాట వినఁబడినప్పుడు సాలెవాని మగ్గము నెవ్వరును దలఁపరు. అచ్చట మగ్గమనఁగా నాలుగు కొయ్యపట్టెలను గూర్చిన చట్రము. ఆ చట్రముపై రవికగుడ్డను బిగఁగట్టి, పనివారు దాని చుట్టును నేలపైఁ గూరుచుండి, కొక్కెపుసూదితోఁ బూసలను, చమ్కీలను, జలతారుతీఁగలను గుట్టుదురు. ఈ పనికి 'మగ్గం వర్క్' అని వాడుక. దారమునకు దారము చేర్చి బట్టను బుట్టించు సాధనము పేరు, పుట్టిన బట్టపైఁ బువ్వులు కుట్టు సాధనమునకు సంక్రమించినది. గుడ్డను బిగువుగా నిలిపి యుంచుట యను సామాన్యధర్మమే యీ లక్షణకు బీజమై యుండును. పద మర్థము మార్చుకొన్నంతమాత్రమున విచారింప నేమున్నదని కొంద ఱనవచ్చును. కాని యీ యొక్క పేరిక్రింద నెన్ని పనులు, ఎందఱి పనులు, ఎన్ని దేశముల యాకృతులు చేరియున్నవో పరికించినచో, ఈ పదమే యొక పెద్దవివాదమునకు వాకిలి యని తేటపడును. సంప్రదాయపు సూచీచిత్రము లెవ్వరివి? వానిని లోకవిపణిలో నమ్ముకొనుటవలన దేశీయత నిలుచునా, నశించునా? ఈ ప్రశ్నను సాహిత్యవిమర్శకుని పనిముట్లతోఁ బరీక్షించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట స్థలమును గూర్చి రెండుమాటలు. దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగరమని వాడుకలోనున్న లాల్ బహదూర్ నగరము - ఇవి విజయవాడకుఁ బోవు రాజమార్గము వెంబడి నున్న పేటలు. ఎల్.బి. నగరము ప్రత్యేక పురపాలకసంఘముగా నుండి 2007లో హైదరాబాదు మహానగరపాలకసంస్థలోఁ గలిసినది. 2018 సెప్టెంబరు 24న మెట్రోరైలు అమీరుపేటనుండి ఎల్.బి. నగరమువఱకు నడచుట కారంభించినది. ఈ కూడలినుండి యొకదారి యిబ్రహీంపట్నముమీఁదుగా దేవరకొండవైపునకు, అనఁగా లంబాడీతండాలకు నెలవైన సీమకుఁ బోవును. వేఱొకదారి చౌటుప్పలువైపు సాగి, చేరువనున్న పోచంపల్లి చేనేతపల్లెలకుఁ దోడ్పడును. పడమట మూసీకి దక్షిణముననున్న పాతనగరమున జరీపనివారి కార్ఖానాలు గలవు. కాఁబట్టి సూదికిని, మగ్గమునకును, తండాకును, నగరమునకును ఈ పేటలు సంధిస్థానములు. వ్యాకరణమందలి సంధులయందువలెనే యిట్టిచోటులందును బూర్వరూపము కొంత లోపించును. క్రొత్తరూపము కొంత యాగమముగా వచ్చును. ఏది లోపించినదో, ఏది వచ్చినదో చెప్పఁగలుగుటయే వ్యాకర్త పని. విమర్శకుని పనియు నదియే.

పదములను బట్టి చూచినచో ఈ శిల్పము బహుమూలమని తెలియును. 'జలతారు' మనకు నచ్చతెనుఁగువలె వినఁబడుచున్నను, పారసీకమున స్వర్ణవాచకమైన 'జర్' శబ్దమును, తంతువాచకమైన 'తార్' శబ్దమును గలసి యేర్పడినది. మొదటి రేఫము లకారమైనది. 'జర్దోజీ' యనఁగా స్వర్ణముతోఁ గుట్టుట. అది క్రియ పేరు. నేఁటి దుకాణములలో 'జర్దోసి' యనిన, పెన్నులోని స్ప్రింగువలెఁ జుట్టలుగా నున్న సన్నని లోహపుతీఁగ. క్రియ పేరు ద్రవ్యమునకు వచ్చినది. కొక్కెపుసూదిని 'ఆరి' యందురు. అమరకోశమును గంఠస్థము చేసినవారికి చర్మకారుని సాధనమైన 'ఆరా' శబ్దము పరిచితమే. కచ్ఛదేశపు మోచీలు తోలుపైఁ గుట్టుటకు వాడిన యా కొక్కెము రాజాస్థానముల పట్టుగుడ్డల కెక్కి, నేఁడు పెండ్లికూఁతుల రవికలకు వచ్చినది. చెప్పులు కుట్టువాని పనిముట్టును, సుల్తానుల బంగారుదారమును, సాలెవాని మగ్గపుఁ బేరును గూడిన పని యిది. దీనిని జేయువారిలోఁ బాతనగరపువారును, వంగదేశమునుండియు నుత్తరదేశమునుండియు వలసవచ్చినవారును, ఇంటిపట్టున నేర్చుకొని కుట్టు తెలుఁగుస్త్రీలును గలరు. చేయించుకొనువారిలో నీ పేటలవారే కాక, అమెరికాలోను ఆస్ట్రేలియాలోను గాఁపురమున్న తెలుఁగువారును గలరు. కొలతలు పంపి రవికలను గుట్టించి తెప్పించుకొనుట నేఁడు వింత కాదు. లోకవిపణి యనునది సముద్రముల కావల నెచ్చటనో లేదు. దిల్‌సుఖ్‌నగరపు సందులలోని చట్రములమీఁదనే యున్నది.

ఈ విషయమున రెండు మతములు ప్రబలి యున్నవి. మొదటిది: ఈ యాకృతులు మన పూర్వుల సొమ్ము, వీనిని బయటివా రెత్తుకొనిపోవుట దోపిడి, మనవారే కలుషితము చేసి యమ్ముకొనుట ద్రోహము. రెండవది: గీఁతకును బువ్వునకును యజమాని లేఁడు; నచ్చినవాఁడు కుట్టును, వలసినవాఁడు కొనును; దేశీయత యనునది వర్తకునికి ధర పెంచుకొను నుపాయము మాత్రమే. ఈ రెండును సగము నిజములే యని మా యభిప్రాయము. వరుసగాఁ బరీక్షింతము.

మొదటిమతమువారు మామిడిపిందెను, హంసను, నెమలిని, పద్మమును జూపి, ఇవి కేవలము మనవి యందురు. మామిడిపిందె మాటయే తీసికొందము. కొన వంగిన యీ యాకృతి ఇరానుదేశమున పొదను దెలుపు పేరితోఁ బిలువఁబడినది. కాశ్మీరపు శాలువలపై నెక్కి ఐరోపాకుఁ బోయి, 19వ శతాబ్దమున స్కాట్లండులోని పేజ్లీ పట్టణపు మగ్గములపై నేయఁబడి, ఆ పట్టణము పేరితోనే పశ్చిమదేశములందుఁ బ్రసిద్ధి కెక్కినది. ఒక్కటే గీఁత; ఒకనికిఁ బొద, ఒకనికి నూరిపేరు, మనకుఁ బిందె. ఇందు మొదట నెవ్వరు గీచిరను ప్రశ్నకు సమాధానము దొరకినను, దానివలన దేశీయత నిర్ణయము కాదు.

అద్దకపుబట్టల చరిత్రయు నిట్టిదే. 17వ శతాబ్దమున మచిలీపట్టణము మొదలగు రేవులనుండి ఓడల కెక్కిన కలంకారీవస్త్రములు శుద్ధదేశీయరూపములు కావు. వర్తకసంఘములవారు తమ దేశమున రుచించు మచ్చులను బంపి, వాని ననుసరించి యిచ్చటివారిచేత వ్రాయించుచుండిరి. పారసీకపు చెట్టును, చీనావారి కొండరాలును, ఇంగ్లీషువారి పూఁదీఁగయు నొక్క గుడ్డపైఁ జేరినవి. ఆ బట్టల వ్యాప్తికి వెఱచి 1686లో ఫ్రాన్సును, 1700లోను 1721లోను ఇంగ్లండును నిషేధశాసనములు చేయవలసివచ్చినది. కాఁబట్టి విపణివలన నాకృతులు మాఱుట నేఁటి కంప్యూటరుకాలపు దోషము కాదు; మూఁడువందల యేఁడులకు పైఁబడిన వ్యవహారము.

నరసాపురపు లేసు ఇంకను బోధకమైన దృష్టాంతము. 19వ శతాబ్దమున క్రైస్తవమిషనరీల మూలమున గోదావరీతీరమునకు వచ్చిన యల్లిక అది. అందలి పువ్వులును వలలును ఐరోపావారివి. అయినను గొన్ని తరములపాటు తీరప్రాంతపు స్త్రీల వ్రేళ్ల నాడి నాడి, 2024లో నరసాపురపు క్రోషేలేసు ప్రభుత్వపు భౌగోళికసూచికాపట్టికలో నెక్కినది. పుట్టుకచేతఁ బరదేశీయమైనది అభ్యాసముచేత దేశీయమైనది. పుట్టుకయే ప్రమాణమైనచో ఈ లేసును మనము బయటఁ బాఱవేయవలయును. అట్లు చేయువాఁ డెవ్వఁడును లేఁడు.

అయినచో రెండవమతమే నెగ్గినదా? లేదు. ఆకృతికి యజమాని లేఁడనుట నిజమే. అంతమాత్రమున నాకృతికి స్థానము లేదనుట నిజము కాదు. ఇచ్చట మన యాలంకారికుల సాయము కావలసియున్నది. 11వ శతాబ్దమునఁ గాశ్మీరమునం దుండిన క్షేమేంద్రుఁడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని స్థాపించుచు, నగల దృష్టాంతమునే చూపెను. మెడయందు మొలనూలును, నడుమునందు హారమును దాల్చినచో నగలు మేలిమివైనను నవ్వులపాలగునని యాతని భావము. అలంకారమున కర్థ మిచ్చునది దాని రూపము కాదు, దాని తావు. ఏ గుడ్డపై, ఏ యంచున, ఏ వేళ, ఏ వయసువారికి, ఏ పేరితో - ఇవి కలిసినప్పుడే యొక కుట్టు భాష యగును.

తెలుఁగు వ్యాకరణమునుండి యొక పోలిక చెప్పవచ్చును. సంస్కృతపదము మన భాషలోనికి వచ్చినప్పుడు డుమువులను దాల్చి తత్సమమగును. ప్రకృతి వారిది, ప్రత్యయము మనది. ఆ ప్రత్యయము చేరనిదే యది తెనుఁగువాక్యమున నన్వయింపదు. అట్లే యాకృతియు నొక దేశపు ప్రయోగనియమమును దాల్చినప్పుడే యా దేశపుదగును. ఆకృతి ప్రకృతి, ప్రయోగము ప్రత్యయము. దేశీయత ప్రత్యయమునందే యున్నది. విపణి తఱచుగాఁ బ్రకృతిని గైకొని ప్రత్యయమును విడుచును. నష్టము జరుగు చోటు సరిగా నిదియే.

ఈ సిద్ధాంతమును లంబాడీల సూదిపనిపైఁ బ్రయోగించి చూతము. 2011 జనగణనమునాఁటికే తెలంగాణసీమలో లంబాడీల సంఖ్య 20 లక్షలకు పైఁబడినది. వీరి పూర్వులు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోయించుకొని దక్కనునకును దండయాత్రలవెంటను దిరిగిన సార్థవాహులు. 19వ శతాబ్దమున రైలుదారులు పడుటతో నా వర్తకము చెడినది. కదలుచుండు బ్రదుకున గోడ లేదు. కావున వీరి చిత్రశాల బట్టయే. స్త్రీల లంగా ఫేటియా, వీఁపు తెఱచియుండు రవిక కాంచళి. నీటికుండను దలపై నిలుపు చుట్టకుదురు ఫులియా. దాని వెనుక మెడపై వ్రేలాడు కుట్టుబట్ట గణో. సంచులకును, ఎద్దుల నుదుటిపట్టెలకును గూడ సూదిపని గలదు. అద్దములు, గవ్వలు, నాణెములు, ఉన్నికుచ్చులు కుట్టునడుమ నమరును.

ఇందలి గణోను గమనింపుఁడు. కుండ మోయు స్త్రీ ముందునకు నడచుచుండఁగా నీ బట్ట వెనుకనున్నవారికిఁ గనఁబడును. కుట్టిన యామెకు ధరించునప్పుడు అది కానరాదు. కావున నది స్వాలంకరణము మాత్రమే కాదు. వెనుక వచ్చువారికి వ్రాసిన లేఖ. దాని చతురస్రపు కట్టు, అంచుల గవ్వలు, నడక కనుగుణముగా నూఁగు కుచ్చులు, ఇవన్నియు నా తావునకుఁ దగినవి. ఆ బట్టను గోడకు వ్రేలాడఁగట్టినచో గీఁతలు మిగులును; నడక పోవును. ఛందస్సు తెలియనివాఁడు పద్యమును వచనముగాఁ జదివినట్లగును.

కుట్లకును బేళ్లు గలవు. కర్ణాటకములోని సండూరు లంబాడీల పనియందు కిలన్, వేలే, మాకీ, కౌడీ, రేలో, పోటే, నక్రా మొదలగు పదునాలుగుకుట్లు పేర్కొనఁబడుచున్నవి. సూర్యకాంతిమాకి యను పేరిలోఁ బొద్దుతిరుగుడుపువ్వు దాఁగియున్నది. గవ్వకు వీరి పేరు కౌడీ. మన పాఠశాలలలో నేర్పు గొలుసుకుట్టు, కాడకుట్టు, కాజాకుట్టు అను మాటలవలెనే యవియు శాస్త్రపరిభాషయే. భేదమొక్కటి: లంబాడీలు మాటలాడు గోర్‌బోలీకి నెల్లరును వాడు స్వంతలిపి లేదు, తెలుఁగులిపిలోనో నాగరలిపిలోనో వ్రాసికొనుచున్నారు. కావున నా పరిభాష తల్లినోటినుండి కూఁతురి చెవికిఁ బోవుటచేతనే బ్రదికియున్నది. తండాలలోని యువతులు చీరలును సల్వారులును ధరించుట సామాన్యమైన యీకాలమున, ఫేటియాతోఁ గూడ దాని మాటలును దలుపుమూలకుఁ జేరుచున్నవి. బట్ట పాతపెట్టెలో నుండును. మాటకుఁ బెట్టె లేదు.

ఇఁక విపణి చేయు పనిని జూతము. పాత కాంచళులును, గణోలును, సంచులును బోగుగాఁ గొనఁబడి, ముక్కలుగాఁ గత్తిరింపఁబడి, చేతిసంచులుగాను దిండుగలీబులుగాను మాఱి విదేశములకుఁ బోవుచున్నవి. మఱియొకవైపున నద్దములకుట్టు నగరపు రవికల వీఁపులపై 'బంజారా డిజైను' అను పేరితో నెక్కుచున్నది. మొదటిదానియందు వాక్యమును గోసి పదములను జిల్లరగా నమ్మినారు. రెండవదానియందు యాసను మాత్రమే యనుకరించినారు. రెంటియందును 'సంప్రదాయము' అను చీటి యొక్కటే.

ఇట్లనుటచేత నమ్మకమును నిందింతుమని తలఁపరాదు. అమ్మకమును ద్వేషించుట శిల్పిని బస్తు పెట్టుటయే. క్రొత్తవస్తువుపైఁ బాతకుట్టును బ్రయోగించుటయు దోషము కాదు. సండూరులోని కుశలకళాకేంద్రము లంబాడీస్త్రీలచేత నేఁటి దుస్తులపైనను గృహోపకరణములపైనను వారి కుట్లనే కుట్టించి యమ్ముచు, వారి పనికి వారి పేరునే నిలిపినది. సండూరు లంబాడీసూదిపని భౌగోళికసూచికను బొందినది. 2023 జూలైలో హంపియందు జీ-20 సమావేశము జరిగినప్పుడు 450కి పైఁగాఁ గల లంబాడీస్త్రీలు సిద్ధము చేసిన 1755 వస్తువులు ప్రదర్శింపఁబడి గిన్నిసు పట్టికలోఁ జేరినవి. వస్తువు మాఱినను, కుట్టువారును, కుట్టు పేరును, కుట్టు నిర్ణయించు నధికారమును వారివద్దనే యుండుట యిచ్చటి విశేషము. తత్సమమువలెఁ గ్రొత్తపదమునకుఁ దమ ప్రత్యయమును దామే చేర్చిరి. విపణి శత్రువు కాదు. ప్రత్యయము నెవ్వరు చేర్చుచున్నారన్నదే ప్రశ్న.

శాసనబలము చాలదా యని యడుగవచ్చును. భారతప్రభుత్వపు భౌగోళికసూచికాచట్టము 1999లోఁ జేయఁబడి 2003 సెప్టెంబరు 15నుండి యమలులోనికి వచ్చినది. మనసీమలోఁ బోచంపల్లి ఇక్కతు మొదటిదశలోనే నమోదు పొందినది. పుట్టపాక తేలియారుమాలు 2020లోఁ బొందినది. ఈ చట్టము కాపాడునది పేరును. పోచంపల్లిలోఁ బుట్టని బట్టను బోచంపల్లిబట్ట యని యమ్మరాదు. కాని యా గీఁతనే వేఱొకపేరితో యంత్రముపై నచ్చువేసినచో నీ చట్టము సూటిగా నడ్డుపడదు. ఆకృతులను గాపాడు 2000 సంవత్సరపు చట్టము క్రొత్తవానికే రక్షణ నిచ్చును. తరతరములుగా నున్నది క్రొత్తది కాదు కదా! సంప్రదాయము పాతదగుటయే దానికి శాపమైనది. మఱియు నమోదు పదియేండ్లకే. పిదప మరల పునరుద్ధరింపవలయును. నమోదయిన పేరిని వాడుకొనుటకుఁ బనివాఁడు తానును అధికారముగల వినియోగదారుగా వ్రాయించుకొనవలయును. కాగితము జోలికిఁ బోని సూదిపనివానికి నీ రక్షణ దూరపుఁ గొండయే.

పరదేశములందును నిదే చిక్కు. 2015లో మెక్సికోదేశపు ఒహాకా సీమలోని త్లావిటోల్టెపెక్ గ్రామమువారు, తమ స్త్రీల రవికకుట్టును పారిస్ వస్త్రకర్త్రి యొకతె తన పేరితో నమ్మినదని తీవ్రముగా నిరసించిరి. వారి మొఱ ధనమునకు మాత్రమే కాదు. తమ యూరి పేరు లేకపోవుటకు. 2023 మార్చి 30న ముంబయి సముద్రద్వారముకడ డియోర్ సంస్థవారు వస్త్రప్రదర్శన చేసినప్పుడు, కుట్టిన చాణక్యశిల్పశాల పేరు బహిరంగముగాఁ జెప్పఁబడినది. కూలిలెక్కలు వేఱు విషయము. పేరు చెప్పుటకును జెప్పకుండుటకును నడుమ నున్న యంతరము లోకమునకు ఈ రెంటివలనఁ దెలిసినది.

పేళ్లతో నేమి పని, కూలి ముఖ్యము గదా యని యాక్షేపింతురు. సరియే; కాని పేరునకును గూలికిని గల సంబంధము దృఢమైనది. జర్మనీదేశపు పండితురాలు మేరియా మీస్ 1982లోఁ బ్రకటించిన గ్రంథమున నరసాపురపు లేసుపనిని బరిశోధించి, లోకవిపణికై యల్లు స్త్రీలను 'గృహిణులు' అని మాత్రమే పిలుచుటవలన వారి శ్రమ తీఱికవేళ వినోదముగా నెంచఁబడి, కూలి యణఁగియుండెనని చూపెను. ఒక్క తప్పుపేరు వేలకొలఁది స్త్రీల శ్రమను గనఁబడకుండఁ జేసినది.

దిల్‌సుఖ్‌నగరమునందును నిదే న్యాయము వర్తించును. 'మగ్గం వర్క్' అను నొక్కమాటక్రింద జర్దోజీ, ఆరికుట్టు, పూసలపని, అద్దములపని యన్నియుఁ జేరినవి. కంప్యూటరుయంత్రము గంటలలోఁ గుట్టు నకలును దానిప్రక్కనే వ్రేలాడుచున్నది. ముందువైపు చూచినచోఁ గొనువారికి భేదము తెలియదు. రవికను దిరగవేసి చూచినచోఁ దెలియును: యంత్రపుపనికి పైదారము వేఱు, అడుగుదారము వేఱు, వెనుక నాధారముగా నతికిన పొర యుండును. ఆరిపనియందు దార మొక్కటే. వెనుక ముడులు చేతికిఁ దగులును. ఈ భేదమునకుఁ బ్రజలనోట స్థిరమైన పేరు లేనప్పుడు, కొనువాఁడు రెంటిని నొకటిగాఁ దలఁచి, చౌకదాని ధరకే మంచిదానిని బేరమాడును. చేతిపనివాఁడు కుట్లు పలుచన చేసి యా ధర కందుకొనును. కొన్నాళ్లకు దట్టపుకుట్టు నెఱిఁగినవాఁడే యుండఁడు. పద మస్పష్టమైనచో శిల్పము పలుచఁబడును. ఇది యలంకారము కాదు, బజారులెక్క. ఇందుకు విరుద్ధముగాఁ 'దేలియారుమాలు' అను పేరు చూడుఁడు. నూలును నూనెతోఁ దడుపు క్రియ ఆ పేరిలోనే యున్నది; పేరు నడిగినవాఁడు క్రియ నడిగినట్లే.

కావున పండితుల కర్తవ్య మిచ్చట లేకపోలేదు. 13వ శతాబ్దమునఁ బాల్కురికి సోమనాథుఁడు తన ద్విపదకావ్యములలో నెన్నో వస్త్రభేదములను బేర్కొని పోయెను; ఆ పేళ్లలోఁ బెక్కింటికి నేఁడు వస్తువు చూపలేము. పేరు నిలిచి వస్తువు పోయిన దుఃఖము అది. సూదిపనియందు నేఁడు వస్తువుండి పేరు పోవు దుఃఖము కలుగుచున్నది. మొదటిదానికి మందు లేదు, రెండవదానికిఁ గలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లోఁ బ్రకటించిన 'ఆంధ్రుల సాంఘికచరిత్ర' యందుఁ గావ్యములలోని బట్టల పేళ్లును, ఆటల పేళ్లును జరిత్రకు సాక్ష్యములని నిరూపించిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలికవృత్తిపదకోశము వెలసి, 1962లో వ్యవసాయపదములకును, 1971లోఁ జేనేతపదములకును సంపుటము లేర్పడినవి. చేనేతకుఁ గలిగిన యా భాగ్యము సూదిపనికిని గలుగవలయును.

అట్టి కోశమునకు మూఁడు నియమములు చెప్పఁదగియున్నవి. మొదటిది: ప్రతికుట్టునకును జేయువారి నోటిమాటనే ప్రధానపదముగా నుంచవలయును. గోర్‌బోలీమాట యైనను, ఉర్దూమాట యైనను, వంగమాట యైనను దానిని సంస్కృతీకరించి 'శుద్ధి' చేయరాదు. రెండవది: ఆకృతి బొమ్మతోఁ బాటు దాని తావును వ్రాయవలయును: ఏ బట్టపై, ఏ మూల, ఎవరికి, ఎప్పుడు; తావు లేని బొమ్మ ప్రయోగము లేని నిఘంటువువంటిది. మూఁడవది: మాట చెప్పినవారి సమ్మతి గైకొని, వారి తండా పేరును గాని పేట పేరును గాని కోశమున నిలుపవలయును. పనివారి విద్యను గైకొని వారి పేరు విడిచినచో, పారిస్ వస్త్రకర్త్రికిని బరిశోధకునికిని భేద ముండదు.

ఈ పనికి దూరము పోనక్కఱలేదు. చైతన్యపురికిఁ జేరువను, మూసీయొడ్డున నరసింహస్వామి వెలసిన గుట్టపై, విష్ణుకుండినులకాలపు ప్రాకృతశాసన మొకటి గలదు; అందు గోవిందరాజవిహారము పేర్కొనఁబడినది. అది చదువఁబడుటచేతనే యీ సీమలో బౌద్ధవిహార ముండెనని మనకుఁ దెలిసినది. చదువకున్నచో నది గీఁతలుపడిన ఱాయి మాత్రమే. 1935లో లక్ష్మణరాయపరిశోధకమండలివారు తెలంగాణాశాసనములను బ్రకటించుటకు ముం దెన్ని ఱాలు గడపలుగాను బండలుగాను బడియుండెనో ఊహింపవచ్చును. ఆ గుట్టకు నడకదూరములోని సందులలో నేఁడు బట్టపై వ్రాఁత జరుగుచున్నది, ఎల్.బి. నగరపుఁ గూడలిలో దేవరకొండబస్సు దిగు వృద్ధస్త్రీల యొడలిపై నా వ్రాఁతయొక్క పాతలిపి యింకను గనఁబడుచున్నది. ఱాయి వేయియేండ్లు వేచియుండును. గుడ్డయు, గుడ్డ చదువఁగల ముదుసలియు నంతకాలము వేచియుండరు. ఆ పేటలలోని పాఠశాలల తెలుఁగుపండితులు తమ విద్యార్థులచేత, వారి తల్లుల నవ్వల నోటినుండి పదేసి కుట్లపేళ్లు వ్రాయించి యీ పత్రికకుఁ బంపినచో, కోశమునకుఁ బ్రథమాశ్వాసము సిద్ధమగును.